ఆ ప్రార్థనలో మిగతా సగం

"మీరు గెలిచిన పెద్ద కేసు ఏది?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. కేసుల్లో పెద్దవీ చిన్నవీ ఉంటాయని కోర్టు మెట్లెక్కని వాళ్ళే అనుకుంటారు. ముద్దాయిగా నిలబడ్డ మనిషికి ప్రతి కేసూ కొండంతే. అయినా అడుగుతారు. ఎందుకంటే ఢిల్లీలో నేను జూనియరుగా చేరిన సీనియర్ గారికి అలాంటి పేరుంది. కార్టూన్ వేసినందుకు జైల్లో పెట్టిన మనిషిని ఆయన బయటికి తెచ్చారు. ఆపేసిన నాటకాన్ని వాదించి మళ్ళీ ఆడించారు. ఆ తీర్పులొచ్చిన రోజుల్లో మా చాంబరు ముందు టీవీ వాళ్ళు మూగేవారు. నేను ఆయన వెనకాల ఫైళ్ళు మోస్తూ ఫొటోల్లో సగం మొహంతో పడేదాన్ని. మా అమ్మ ఆ సగం మొహాన్నే పేపర్లోంచి కత్తిరించి బీరువాలో దాచుకునేది.

నేను గెలిచానని నా అంతట నేను చెప్పుకునే కేసు మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. అది ఒక నర్సు చేసిన ప్రార్థన మీద పెట్టిన క్రిమినల్ కేసు.

మెట్రో ఇంకా దక్షిణ ఢిల్లీ వైపు రాని రోజులవి. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఒక మోస్తరు ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ పరిచయమైంది ఆ నర్సు. నరసాపురం వైపు మనిషి. మాట మాటకీ "అండి" పెట్టి, హిందీలో రోగులను కసురుతూ, తెలుగులో వాళ్ళ కోసం బాధపడుతూ ఉండేది. వార్డులో అందరూ ఆవిడను సిస్టర్ అనేవారు, చర్చిలోనూ సిస్టరే. మేమూ అలాగే పిలిచాం. కటవారియా సరాయ్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలుండే బిల్డింగులో ఒక చిన్న గది తీసుకుని ఉండేది. అమ్మ ఇంటికొచ్చాక కూడా ఆదివారాలు వచ్చి బీపీ చూసి, టీ తాగి వెళ్ళేది.

అలా వచ్చిన ఒక ఆదివారం టీ ముట్టుకోలేదు. సోఫా అంచున కూర్చుని నాకేసి చూసింది.

"మేడమ్ గారూ, నా మీద కేసెట్టారండి."

"ఎవరు?"

"మా పెద్ద డాక్టరు గారండి. ఆసుపత్రి ఆయనదే కదండి."

"మీరేం చేశారు?"

"ప్రార్థన చేశానండి."

నేను ముందు నవ్వాను. తర్వాత ఆవిడ చేతిలో ఉన్న సమన్లు తీసుకుని చదివాను. నవ్వు ఎటు పోయిందో తెలియదు.

సంగతి ఇది. ఢిల్లీలోని తెలుగు క్రైస్తవులు ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూడతారు. ఒక్కొక్కరూ తమ బాధో భయమో చెప్పుకుని, కళ్ళు మూసుకుని పైకి ప్రార్థిస్తారు. చివర అందరూ ఆమేన్ అంటారు. అలాంటి ఒక ఆదివారం, అప్పటికి పసిపిల్లల వార్డుకు మారిన సిస్టర్ ఆ పిల్లల కోసం ప్రార్థించింది. పుట్టగానే పిల్లలను వెచ్చగా ఉంచడానికి దీపం కింద పడుకోబెట్టే మంచాన్ని వార్మర్ అంటారు. ఒక్కో వార్మర్ ఒక్కో బిడ్డకే. ఆ ఆసుపత్రిలో ఇద్దరేసి పిల్లలను పెడుతున్నారనీ, పెద్ద డాక్టరు గారికి తెలిసీ ఊరుకుంటున్నారనీ ఆవిడ దేవుడికి చెప్పుకుంది.

దేవుడు విన్నాడో లేదో గానీ పక్కన కూర్చున్న బ్రదర్ గారు విన్నారు. ఆయనది అదే ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం, మన తెలుగాయనే, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. మర్నాడు క్యాంటీన్‌లో, మా సిస్టర్ వార్డు పిల్లల కోసం కూడా ప్రార్థన చేస్తుంది సుమా అని, వార్మర్ల మాటతో సహా గొప్పగా చెప్పారు. ఆ మాట ఒక్కో అంతస్తూ ఎక్కి పైకి పోయేసరికి, డాక్టరు దురాశతో పసిపిల్లలను కుక్కుతున్నాడని నర్సు చర్చిల్లో ప్రచారం చేస్తోంది అన్న రూపానికొచ్చింది. ఆయన పరువు నష్టం కింద ఫిర్యాదు చేశారు. అందులో సాక్షిగా చూపించింది ఒక్కరినే, ఆ బ్రదర్ గారిని. ఉద్యోగం ఆ ఆసుపత్రిలోనే కాబట్టి ఆయన కాదనలేకపోయారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సిస్టర్‌కు అప్పుడే ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా పరీక్షలు రాస్తూ రాస్తూ, వయసు దాటిపోయే చివరి అవకాశంలో వచ్చిన ఉద్యోగం అది. క్రిమినల్ కేసు ఉందని తెలియగానే చేర్చుకోవడం ఆపి, కేసు తేలేదాకా గడువిచ్చారు. పసిపిల్లల వార్డుకు నర్సులు దొరక్క పాత ఆసుపత్రి వాళ్ళు ఆవిడను పనిలోంచి మాత్రం తియ్యలేదు. శిక్ష పడితే ఆ ఉద్యోగం పోయినట్టే. అవతలి లాయరు మాత్రం ఒక దారి చూపించాడు. "నేనన్నది అబద్ధం, క్షమించండి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే మర్నాడే కేసు వెనక్కి తీసుకుంటామన్నాడు.

"పెట్టెయ్యండి సంతకం," అన్నాను నేను. "ఉద్యోగంలో చేరిపోండి, పీడా పోతుంది."

"అబద్ధం కాదు కదండి."

"పోనీ, అసలు ఆ మాటే అనలేదని చెప్పండి. ఎవరూ రికార్డు చెయ్యలేదు కదా."

"ప్రార్థనలో అన్నదాన్ని అనలేదని ఎలా చెప్తానండి? ఆయన విన్నారు కదండి." వేలు పైకి చూపించింది.

"ఆయన సాక్ష్యానికి రారు లెండి," అన్నాను. దానికి నవ్వింది గానీ మాట మార్చుకోలేదు.

నిజమని నిరూపిద్దామంటే తోటి నర్సులు ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళను తప్పు పట్టలేను, అందరికీ పిల్లలున్నారు, ఊళ్ళకు డబ్బు పంపాలి. ఇక మిగిలిన దారి ఒక్కటే. పరువు తియ్యాలన్న ఉద్దేశం ఆవిడకు లేదని చూపించాలి. అందుకు, ఆ ప్రార్థనలో ఇంకా ఏమేం అన్నారని అడిగాను. ఫిర్యాదులో రెండు వాక్యాలే ఉన్నాయి, రెండు వాక్యాలతో ఏ ప్రార్థనా అయిపోదని నాకూ తెలుసు.

"చెప్పనండి," అంది.

"అదేంటి?"

"దేవుడికి చెప్పుకున్నదండి అది. నేనే కోర్టులో నిలబడి అది మళ్ళీ అప్పజెప్పి, చూడండి నేనెంత మంచిదాన్నో అంటే అది ప్రార్థన అవ్వదండి. డప్పు కొట్టుకోడం అవుద్ది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది నషాళానికి అంటింది. ఉద్యోగం మీద బెంగ నాకేనా, మీకు లేదా అని గట్టిగా అరిచాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి, "ఆ పిల్లని ఎందుకే అలా కరుస్తావు?" అంది. సిస్టర్ మాత్రం చల్లారిపోయిన టీ తీసుకుని తాగి, "మేడమ్ గారు నా కోసమే కదండి ఆంటీ అరిచేది," అంది. అలా అంటే ఇంక ఏమనగలను? వకాల్తా మీద సంతకం తీసుకుని, ఒక్క షరతు పెట్టాను. కేసు తేలేదాకా వార్డు సంగతి ఎక్కడా, ఎవరి దగ్గరా, ఏ ఇంట్లోనూ ఎత్తకూడదు. ఎత్తితే ఇంకో కేసు పెడతారు.

ఆవిడ మాటిచ్చింది, మాట నిలబెట్టుకుంది. అదెలా నిలబెట్టుకుందో నాకు అమ్మ ద్వారానే తెలిసింది. అమ్మ శుక్రవారం దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి, అయినా సిస్టర్ పిలిచిందని ఒక ఆదివారం ఆ కూటానికి వెళ్ళింది.

"అందరూ పైకే ప్రార్థన చేసుకుంటున్నారే," అంది ఇంటికొచ్చాక, చీర కూడా మార్చుకోకుండా కూర్చుని. "ఈ పిల్ల వంతు వచ్చేసరికి తలొంచుకుని కూర్చుంది. పెదాలు కూడా కదపలేదు. మిగతావాళ్ళంతా అలా ఊరికే కూర్చుని ఎదురుచూశారు. నువ్వేమైనా అన్నావా?"

చట్ట ప్రకారం నేనిచ్చిన సలహా సరైనదే, ఇప్పుడైనా అదే ఇస్తాను. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

తారీఖుల మీద తారీఖులు పడ్డాయి. ఒక చలికాలం పోయి ఇంకో చలికాలం వచ్చాక బ్రదర్ గారి సాక్ష్యం రోజు వచ్చింది. ముందురోజు సీనియర్ గారి దగ్గరికి వెళ్ళి, మీరొస్తారా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బేటా, ఇది నీ కేసు," అన్నారు. "ఒక్కటి గుర్తు పెట్టుకో. జవాబు తెలియని ప్రశ్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎప్పుడూ అడగొద్దు." ఆయన జీవితమంతా ఆ ఒక్క సూత్రం మీదే నిలబడ్డ మనిషి.

మర్నాడు కోర్టు గేటు దగ్గర నిలబడి చూద్దును కదా, సిస్టరూ బ్రదర్ గారూ ఒకే బస్సు దిగి, మాట్లాడుకుంటూ వస్తున్నారు. ఆయన చేతి సంచీ ఆవిడ పట్టుకుంది. వాళ్ళ వెనకాల చర్చి పెద్దలు నలుగురైదుగురు, స్వెటర్లూ మఫ్లర్లూ చుట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. మధ్యాహ్నం దాకా మా కేసు పిలవలేదు. భోజనం వేళ వరండాలో బెంచీ మీద సిస్టర్ టిఫిన్ డబ్బా విప్పి బ్రదర్ గారి ముందు పెట్టింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆవిడను పక్కకు లాక్కొచ్చాను.

"సిస్టర్, ఆయన అవతలి పక్షం సాక్షి. మీకు వ్యతిరేకంగా చెప్పడానికొచ్చాడు."

"తెలుసండి. కానీ షుగరుందండి ఆయనకి. టైముకి తినకపోతే వణుకొచ్చేద్ది."

"వస్తే రానివ్వండి."

"అలాగనకండి. ఆదివారం కూడా నేనే పెడతానండి ఆయనకి, వాళ్ళావిడ గారు పోయిన కాడ్నుంచీ."

నేను భయపడ్డదే జరిగింది. అవతలి లాయరు స్తంభం పక్క నుంచి అంతా చూశాడు. కోర్టు మళ్ళీ మొదలవగానే దగ్గుతూ లేచాడు. పొద్దుటి నుంచీ దగ్గుతూనే ఉన్నాడు పాపం. ముద్దాయి సాక్షికి తినిపించి తన వైపు తిప్పుకుంటోందనీ, ఇది మరో నేరమనీ అన్నాడు. పెద్ద డాక్టరు గారు ముందు వరసలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఆయన మొహంలో ఏమీ కనపడలేదు.

మేజిస్ట్రేటు గారు సాక్షినే అడిగారు, హిందీలో.

"ఏం పెట్టింది మీకు?"

"రెండు చపాతీలు, క్యాబేజీ కూర, జనాబ్. నాకు షుగర్ ఉంది."

"కేసు గురించి ఏం మాట్లాడింది?"

"ఏమీ లేదు జనాబ్. తినే ముందు ప్రార్థన చేసుకున్నాం. భోజనం దీవించమన్నాను. వకీల్ సాబ్ దగ్గు తగ్గించమన్నాను."

కోర్టులో నవ్వులు. అవతలి లాయరు దగ్గు ఆపుకోబోయి ఇంకా ఎక్కువగా దగ్గాడు. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు.

"ఆమె ఏమని ప్రార్థించింది?"

"ఆమె చెయ్యలేదు జనాబ్. నేనే చేశాను. కేసు పడ్డప్పటి నుంచీ ఆమె పైకి ప్రార్థన చెయ్యడం మానేసింది."

మేజిస్ట్రేటు గారు సిస్టర్ వైపు ఒకసారి చూసి, "అచ్ఛా. కానివ్వండి," అన్నారు.

అవతలి లాయరు అడిగిందానికి బ్రదర్ గారు ఉన్నదున్నట్టే చెప్పారు. అవును, ఆ ఆదివారం నేనక్కడున్నాను. అవును, ఒక వార్మర్లో ఇద్దరిని పెడుతున్నారని ఆమె అంది. అవును, పెద్ద డాక్టరు గారికి తెలిసీ ఊరుకుంటున్నారని అంది. ఆ మాట రాగానే లాయరు, "బస్, ఇక చాలు," అని కూర్చున్నాడు. సిస్టర్ ఉద్యోగం ఆ మూడు అవునుల కింద పడి నలిగిపోతోందని నాకు అర్థమైంది.

నేను లేచాను. బ్రదర్ గారు నా వైపు చూశారు. చెప్పడానికి ఇంకా ఏదో ఉండి, ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసే చూపు అది. కానీ నమ్మకమేముంది? ఆ మిగతా సగంలో, ప్రభువా ఆ డాక్టరును శిక్షించు అని ఉంటే? ఉండకూడదా, పసిపిల్లలను చూసి కడుపు మండిన మనిషి అనకూడదా? అంటే కేసు అక్కడికక్కడే పోతుంది. సిస్టర్ వైపు చూశాను. తల ఎత్తలేదు. సీనియర్ గారి సూత్రం చెవుల్లో మోగుతూనే ఉంది. మనసులోనే ఆయనకు దణ్ణం పెట్టుకుని అడిగేశాను.

"ఆ మాటలతో ఆవిడ ప్రార్థన ఆగిపోయిందా? ఇంకా ఉందా?"

"ఉందండి."

"ఏమిటది?"

అవతలి లాయరు అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపారు. "మాటల మీద కేసు పెట్టింది మీరు. అన్ని మాటలూ రానివ్వండి." సాక్షి వైపు తిరిగి, "ఆమె ఏ భాషలో అందో ఆ భాషలోనే చెప్పండి, తర్వాత అర్థం చెబుదురుగాని," అన్నారు.

బ్రదర్ గారు ఒక్కసారి ముందు వరసలోని తన యజమాని వైపు చూశారు. "మధ్యలోంచి చెప్పడం నాకు రాదు జనాబ్. మొదటి నుంచి చెప్తాను," అన్నారు. అని, బోనులోనే చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఆయన గొంతు సాక్షి గొంతులా లేదు.

"ప్రేమగల తండ్రీ, మీకు వందనాలు. మా వార్డులో పసిబిడ్డలను జ్ఞాపకం చేసుకోండి ప్రభువా. ఒక్క వార్మర్లో ఇద్దరిని పడుకోబెడుతున్నాం తండ్రీ. పెద్ద డాక్టరు గారికి తెలిసీ ఊరుకుంటున్నారు. తప్పు ఆయనొక్కరిదే కాదు తండ్రీ, పడుకోబెడుతున్న చేతులు నావి. నన్ను క్షమించండి. ఆయన మనసు మెత్తబరచండి. ఆయన మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేకపోతున్నారు ప్రభువా, ఆ మోకాళ్ళను ముట్టి స్వస్థపరచండి. ఆయన కూతురు పరీక్షలు రాస్తోంది, ఆ బిడ్డకు తోడుండండి. ఆయన ఇంటిని దీవించండి. యేసు నామమున వేడుకుంటున్నాము మా పరమ తండ్రీ."

"ఆమేన్," అన్నారు వెనక బెంచీల్లోంచి స్వెటర్ల వాళ్ళంతా, ఒక్కసారిగా, అలవాటు కొద్దీ. అది కోర్టని ఒక్కరికీ గుర్తు లేదు.

గుమాస్తా ఉలిక్కిపడి, చుప్, చుప్ అన్నాడు. మేజిస్ట్రేటు గారు రాయడం ఆపేశారు. బ్రదర్ గారు కళ్ళు తెరిచి, ఒక్కో మాటకూ హిందీలో అర్థం చెప్పారు. మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి పెద్ద డాక్టరు గారు తన కాలి వైపు చూసుకున్నారు. కూతురి మాట వచ్చేసరికి తల పక్కకు తిప్పుకున్నారు. సిస్టర్ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తన మంచితనం నలుగురిలో చదివేశారని సిగ్గుతో చచ్చిపోతోందని నాకు తెలుసు. నాకేమో ఏడుపు తన్నుకొస్తోంది. నల్ల కోటు వేసుకుని కోర్టులో ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు గానీ, దగ్గు వచ్చినట్టు నటించాను.

"ఆ రోజు మీరూ ఆమేన్ అన్నారా?" అని అడిగాను ఆఖరికి.

"అన్నానండి."

"అది విన్నాక డాక్టరు గారి మీద మీకు గౌరవం తగ్గిందా?"

"లేదండి. ఆయన మోకాళ్ళ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రోజూ ప్రార్థిస్తున్నాను."

తీర్పు వసంతం మొదట్లో వచ్చింది. ఒక మనిషి బాగుండాలని కోరుతూ, తప్పులో తనకూ వాటా ఉందని ఒప్పుకుంటూ చెప్పిన మాటలో పరువు తీసే ఉద్దేశం కనపడదని రాశారు. తన బాధను తను నమ్మినవాడికి, తనవాళ్ళ మధ్య చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందనీ రాశారు. నిర్దోషి. సీనియర్ గారికి చెబితే, నేను అడిగిన ప్రశ్న విని, "ఇంకెప్పుడూ అలా చెయ్యకు," అన్నారు. అని, నాకు టీ తెప్పించారు.

కోర్టు బయట మెట్ల మీద నేను గంతులేసినంత పని చేశాను. ఉద్యోగానికి ఈ కాపీ ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని కలవాలో గబగబా చెబుతున్నాను. సిస్టర్ వింటున్నట్టే లేదు.

"మేడమ్ గారూ, ఇప్పుడు పైకి ప్రార్థన చేసుకోవచ్చాండి?"

తలూపాను.

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను, అమ్మ పక్కన కింద చాప మీద కూర్చున్నాను. బ్రదర్ గారు కూడా ఉన్నారు. సాక్ష్యం చెప్పిన నెలలోపే ఆయన్ని కౌంటర్ నుంచి పంపించేశారు. అది తలుచుకుంటే నాకు పళ్ళు నూరబుద్ధేస్తుంది, ఆయన మాత్రం సిస్టర్ పెట్టిన చపాతీలు తింటూ నిమ్మళంగా ఉన్నారు. అందరి వంతూ అయ్యింది. సిస్టర్ వంతు వచ్చింది. ఏడాది పైగా ఊరికే ఎదురుచూసిన కూటం అది. అందరూ తలలు వంచారు. నేను వంచలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ప్రేమగల తండ్రీ, మీకు వందనాలు," అంది. "మా వార్డులో పసిబిడ్డలను జ్ఞాపకం చేసుకోండి ప్రభువా. నేను వెళ్ళిపోతున్నానండి అక్కణ్ణుంచి, వాళ్ళు ఉండిపోతున్నారు. ఇంకా ఒక్క వార్మర్లో ఇద్దరినే పడుకోబెడుతున్నాం తండ్రీ. పెద్ద డాక్టరు గారికి తెలుసు."

అదే మాట. ఏ మాట కోసం కోర్టుకీడ్చారో అదే మాట, ఎవరికీ భయపడకుండా, పైకి. నాకు తెలియకుండానే గట్టిగా, "ఆమేన్," అనేశాను.

అమ్మ మోచేత్తో పొడిచింది. ఎవరూ నాతో కలిసి అనలేదు. సిస్టర్ ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది.

"ఇంకా ఉందండి, మేడమ్ గారూ," అని, మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆయన మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టింది.